నలభై ఒకటో పేజీ

నలభై ఒకటో పేజీ అని ఎందుకు పెట్టానో ఇప్పటికీ నాకు తెలియదు. నలభై అని పెట్టొచ్చు, యాభై అని పెట్టొచ్చు. సున్నాతో ముగిస్తే ఎవరికైనా అనుమానం వస్తుందని ఆ పూట నా బుర్రకు తోచింది. చదువుకున్నదాని తెలివి మరి! టీచరు కాబోయేదాని తెలివి! తలచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

రెండేళ్ళ కిందటి ఎండాకాలం అది. మా ఊరు పలుగుతిప్ప. కంభానికీ గిద్దలూరుకూ మధ్య, రోడ్డు దిగి రెండు మైళ్ళు లోపలికి నడవాలి. నేను బి.ఇడి. పూర్తిచేసి, డీఎస్సీ నోటిఫికేషన్ ఇదిగో అదిగో అంటుంటే ఇంట్లో కూర్చుని ఉన్నాను. పొద్దున నాలుగు బిట్లు చదవడం, మధ్యాహ్నమంతా ఫోను. అందరిలా రీల్స్ చూసుకుని నవ్వుకున్నా బాగుండేది. నేను అందరిలాంటిదాన్ని కాదు కదా! ఎవరైనా చేరి రాయగలిగే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో తెలుగు పేజీలు రాసేదాన్ని. ఊళ్ళ పేజీలు, వాగుల పేజీలు, పంటల పేజీలు. వెయ్యి దిద్దుబాట్లు దాటినప్పుడు తోటి సభ్యులు ఒక పతకం బొమ్మ పంపించారు. దాన్ని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నాను. చూసింది ముగ్గురు. అందులో ఒకరు మా అమ్మ.

మా ఊరి పేజీ కూడా నేనే మొదలుపెట్టాను. జనాభా ఎంత, కంది ఎంత, మిరప ఎంత, బస్సు ఎన్ని గంటలకు, అన్నీ రాశాను. బడి దగ్గరికి వచ్చేసరికి ఒక వాక్యం రాశాను. "ఈ పాఠశాలను 1954లో గ్రామ మున్సబు తిరుపాలయ్య గారు దానమిచ్చిన స్థలంలో నిర్మించారు." తిరుపాలయ్య మా జేజినాయన, అంటే నాయనకు నాయన. నేను పుట్టేనాటికే పోయాడు. గోడమీద ఫోటోలో తప్ప ఆయన్ని నేను చూడలేదు.

ఇక్కడ దాచకుండా చెప్పాలి. ఆ బడి స్థలం గురించి ఊళ్ళో రెండు మాటలున్నాయని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. మా ఇంట్లో, మా చుట్టాలిళ్ళలో, "ఆ బడి మన పెద్దాయన చలవ" అంటారు. వాగు అవతల పల్లెలో, క్రైస్తవుల ఇళ్ళలో ఇంకో మాట ఉంది. జీవరత్నం అనే కూలిమనిషికి ఊరి వెట్టిపని కింద అర ఎకరం మాన్యం ఉండేదట. ఆయనకున్న ఆస్తి అదొక్కటే. పిల్లలు చదువుకోవాలని దాన్ని బడికి వదిలేశాడట. ఈ రెండో మాట చెప్పిన పిల్లలతో కలిసి నేను పదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నాను. ఏది నిజమని ఒక్కనాడూ ఇంట్లో అడగలేదు. అడిగితే తేలిపోతుందని భయమేమో.

పేజీ పెట్టిన రెండో రోజుకు నా వాక్యం చివర [ఆధారం చూపాలి] అని ముద్ర పడింది. వేసింది 'కొండగాలి' అనే పేరుతో రాసే సభ్యుడు. ఏ ఊరివాడో, ఏం చేస్తాడో నాకు తెలియదు. మర్యాదస్తుడు, నా అచ్చుతప్పులు చాలాసార్లు దిద్దాడు. అయినా ఒళ్ళు మండిపోయింది. ఇతరుల పేజీలమీద నేను ఆ ముద్ర ఎన్నిసార్లు వేసి ఉంటానో లెక్కలేదు. నా జేజినాయన పేరు పక్కన వేస్తారా?

వసారాలో అమ్మ ఊరమిరపకాయలు ఎండబోస్తోంది. నా ముఖం చూసింది.

"ఏంది పాపా, అట్ల కూచున్నావు?"

"జేజినాయన బడికి స్థలమిచ్చినాడని రాసినా. ఎవడో రుజువు చూపియ్యమంటున్నాడు."

"వాడెవడు మనల్ని అడిగేదానికి?" అంది అమ్మ, చేట కింద పెట్టకుండానే.

నాకు కావలసిన మాట అదే. లోపలికి వెళ్ళి, మంచం మీద బోర్లా పడుకుని, రెండు నిమిషాల్లో ఒక పుస్తకాన్ని పుట్టించాను. 'కంభం తాలూకా గ్రామ దర్శిని, రచన: కె. శేషాచలం, 1968, పేజీ 41.' అలాంటి పుస్తకం లేదు. శేషాచలం మా డిగ్రీ కాలేజీ అటెండరు, గంట కొట్టేవాడు. సాయంత్రానికి ముద్ర పోయింది. పైగా కొండగాలి చర్చాపేజీలో, "అరుదైన మూలం పట్టుకున్నారు, ధన్యవాదాలు" అని రాశాడు. ఆ ధన్యవాదాలు చదివినప్పుడు కాస్త గుచ్చుకుంది. కాసేపే.

ఏప్రిల్ చివర్లో ఒకరోజు నాయన బస్టాండు దగ్గర హోటలు నుంచి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో పేపరు. వస్తూనే అమ్మను కేకేశాడు.

"పద్మా! యాడుండావ్? మా నాయన పేరు పేపర్లో పడింది!"

జిల్లా ఎడిషన్‌లో ఊళ్ళ చరిత్రల మీద ఏదో శీర్షిక నడుస్తోంది. ఆ వారం మా ఊరు. రాసిన విలేకరి పలుగుతిప్పలో అడుగు పెట్టిన పాపాన పోలేదు. నా పేజీని దింపుకున్నాడు, అంతే. మధ్యాహ్నం బస్సు వేళ నేను తప్పు రాశాను, అదీ అలాగే ఉంది. కె. శేషాచలం గారి గ్రామ దర్శినిని మాత్రం "ప్రామాణిక గ్రంథం" అన్నాడు. ఆ మాట నేను రాయలేదు, ఆయనే కలిపాడు.

నాయన ఆ ముక్కను మూడుసార్లు బయటికి చదివాడు. మూడోసారి చదివి ఆగిపోయాడు.

"మా నాయన ఈ మాట మాతో ఎన్నడూ అనలేదే! 'బడి కాయితం నేనే రాసినా, సాక్షి సంతకం పెట్టినా' అనేవాడు గానీ, స్థలం మనదని అనలా." కాసేపు గోడమీది ఫోటో వంక చూశాడు. "చెప్పుకునే గుణం లేదులే ఆయనకు. ఇంత పని చేసి నోరు మెదపలేదు, చూడు."

అప్పుడు చెప్పాలి నేను. నోటిదాకా వచ్చింది. నాయన ముఖంలో అంత వెలుగు నేను అంతకుముందు చూడలేదు. దాన్ని నా చేతులతో ఆర్పలేకపోయాను. ఇది సాకు అని నాకు తెలుసు, అయినా జరిగింది జరిగినట్టు చెప్తున్నాను.

వారం తిరక్కుండా నిత్యానందం పెదనాయన మా ఇంటికి వచ్చాడు. దొనకొండ స్టేషన్లో రైల్వే ఉద్యోగం చేసి రిటైరై ఊరికి చేరిన మనిషి, మా బడి పూర్వ విద్యార్థుల సంఘానికి పెద్ద. బడికి డెబ్బై ఏళ్ళు నిండాయి, జూన్‌లో తెరిచేనాటికి గేటు దగ్గర ఆర్చి కడుతున్నారు, ఆర్చి మీద స్థలదాత పేరు చెక్కించాలని ఆయన పట్టుదల. "పేరు ఎవరిదో తెలీక ఇన్నాళ్ళు ఆగినాం రంగస్వామీ. ఇప్పుడు ఆధారం దొరికె" అన్నాడు నాయనతో. అమ్మ ఆయనకు మజ్జిగ ఇచ్చింది. నేను డీఎస్సీ పుస్తకంలో తల దూర్చాను.

మే మొదటి వారంలో బడి వరండాలో సమావేశం పెట్టారు. ఊరివాళ్ళూ పల్లెవాళ్ళూ అరవై మంది దాకా వచ్చారు. నిత్యానందం పెదనాయన విషయం చెప్పి, "ఎవరికన్నా అభ్యంతరమా?" అని అడిగాడు. వెనక వరసలోంచి యేసుమణవ్వ లేచింది.

జీవరత్నం కూతురు ఆమె. డెబ్బై అయిదేళ్ళుంటాయి. జీవితమంతా కలుపు తీతలూ మిరపకోతలే. చదువు మూడో తరగతితో ఆగిపోయినా, బైబిలు మాత్రం వేలు పెట్టి కూడబలుక్కుని చదువుతుంది. పల్లెలో ఆదివారం పిల్లలకు వాక్యాలు కంఠతా పట్టించేది ఆమే. అధ్యాయం, వచనం నంబరు చెప్పకుండా ఎవరైనా వాక్యం చెప్తే ఒప్పుకోదు. "రిఫరెన్సు చెప్పు ముందు" అంటుంది. పాస్టరుగారు తడబడినా వదలదని పల్లెలో అందరూ నవ్వుకుంటారు.

"నిత్యానందం నాయనా, ఆ స్థలం మా నాయనది. ఆయన పేరు జీవరత్నం. ఈ దావన పోయినప్పుడల్లా, 'బడి మన నేలమీద ఉంది పాపా, తలెత్తుకుని నడువు' అనేవాడు."

"నేను కాదనట్లేదమ్మా. కాయితమేమన్నా ఉందా?"

"వేలిముద్ర ఏసిచ్చినాడు. ఆ కాయితం మా ఇంట్లో యాడుంటాది?"

"పాత రికార్డంతా కర్నూల్లో ఉండిపాయె," అన్నాడు ముందు వరసలో ఒకాయన. "జిల్లా మారినప్పుడు ఏది యాడ పోయిందో ఆ దేవునికి తెలియాల."

నిత్యానందం పెదనాయన ఫోను పైకెత్తాడు. "ఇదిగో, నెట్టులో ఉంది. పేపర్లోనూ పడె."

యేసుమణవ్వ పక్కన ఆమె మనవరాలు రేచల్ కూర్చుని ఉంది. నాతోపాటు పదో తరగతి చదివింది, మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తుంది. గట్టి పిల్ల. "నెట్టులో ఎవరు పడితే వాళ్ళు రాయొచ్చు పెదనాయనా. నేను గూడా రాయొచ్చు, నువ్వు గూడా రాయొచ్చు" అంది.

"రాయొచ్చు పాపా. దానికే గదా కింద పుస్తకం పేరు ఏసినారు." కళ్ళజోడు పైకి జరిపి చదివాడు. "కంభం తాలూకా గ్రామ దర్శిని. రచన కె. శేషాచలం. పంతొమ్మిదివందల అరవై ఎనిమిది. నలభై ఒకటో పేజీ."

"పేజీ నంబరు గూడా ఉందా?" అంది యేసుమణవ్వ.

"ఉందమ్మా."

ఆమె ముఖం మారిపోయింది. అప్పటిదాకా ఊరంతా ఒకవైపున్నా బెదరని మనిషి, ఆ అంకె వినేసరికి వెనక్కి తగ్గింది. అరవై మందిలోనూ నా కోసం వెతుక్కుంది. ఆ బడిలో చదివి పెద్ద చదువులకు పోయిన ఆడపిల్లను నేనే.

"సుచరితమ్మా, నువ్వు చదువుకున్నదానివి. నువ్వు చూసినావా ఆ బుక్కు?"

"ఊఁ" అన్నాను.

ఆమె తల ఊపి కూర్చుంది. రేచల్ చెవిలో ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. తర్వాత టీలు వచ్చాయి. ఆర్చి రంగు గురించి చాలాసేపు వాదించుకున్నారు.

ఇంటికొచ్చి తలుపు వేసుకుని, నా వాక్యాన్ని నేనే తీసేశాను. అరగంటలో అది మళ్ళీ వచ్చి కూర్చుంది. కొండగాలి తిరిగి పెట్టాడు. "కారణం చెప్పకుండా మూలమున్న సమాచారం తొలగించకండి. దీనికి ఇప్పుడు పత్రికా మూలం కూడా ఉంది" అంటూ ఆ పేపరు ముక్కను కూడా కింద చేర్చాడు. నన్ను చూసి పేపరు రాసింది, పేపరును చూసి పేజీ నన్ను నమ్ముతోంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కారణం చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం టైపు చేసి, చెరిపి, మళ్ళీ టైపు చేసి, చెరిపి, ఫోను దిండు కింద పెట్టేశాను. అలా రెండు వారాలు గడిపాను. అన్నం తింటూనే ఉన్నాను, బిట్లు చదువుతూనే ఉన్నాను. అదే అన్నిటికంటే సిగ్గుచేటు.

మే మూడో ఆదివారం. వాగు అవతల చర్చికి రేకుల కప్పు మీద హారన్ మైకు ఉంది. అక్కడ దగ్గినా మా వసారాలో వినబడుతుంది. అమ్మ నాకు తల దువ్వుతోంది. పాటలయ్యాయి, సాక్ష్యాల వేళ అయింది. ఎవరి బతుకులో దేవుడు ఏం చేశాడో, ఎవరు ఏ తప్పు చేశారో లేచి నిలబడి చెప్పుకునే వేళ. యేసుమణవ్వ గొంతు వచ్చింది.

"సంఘానికి వందనాలు. ఒక తప్పు ఒప్పుకుంటాండా. మా నాయన బడికి స్థలమిచ్చినాడని మీ అందరికీ చెప్పినా, మీ బిడ్డలకూ చెప్పినా. అది నిజం కాదంట. పుస్తకంలో పేజీతో సహా ఉంది. మా నాయన నాతో అబద్ధమాడినాడు. చిన్నపిల్ల సంతోషపడతాదని ఆడినాడేమో. ఆయన్ని క్షమించమని దేవున్ని అడగండి. నన్ను గూడా."

మైకులో కాసేపు గరగర. తర్వాత పాస్టరు పాల్ రాజుగారు మెల్లగా, "చనిపోయినవాళ్ళ కోసం మనం ప్రార్థన చేయంగదమ్మా" అన్నారు.

"తెలుసయ్యా. ఈ ఒక్కసారికి చేయండి. అబద్ధంతోనే పోయినాడు, యాడుండాడో ఏమో."

చేశారు. 'జీవరత్నం చేసిన పాపాన్ని మన్నించు ప్రభువా' అన్న మాట మా వసారా దాకా వచ్చింది. తర్వాత ఊరంతా దద్దరిల్లేటట్టు ఆమెన్.

"పాపం, ముసలామెకు ఏం కష్టమొచ్చె" అంటూ అమ్మ జడ ముడి వేసింది. నేను లేచి లోపలికి పోయి ఫోను తీశాను.

ఆ మధ్యాహ్నమే చర్చాపేజీలో రాశాను. 'ఆ పుస్తకం లేదు. నేనే కల్పించాను. రచయిత మా కాలేజీ అటెండరు.' గంటలో వాక్యం పోయింది, పుస్తకం పోయింది, పేపరు మూలమూ పోయింది. కొండగాలి నన్ను తిట్టలేదు. "నిజం చెప్పినందుకు సంతోషం. మీరు చేసిన మిగతా దిద్దుబాట్లన్నిటినీ ఇప్పుడు ఒక్కొక్కటిగా పరిశీలించవలసి ఉంటుంది. ఆ పుస్తకం ఉందో లేదో వెతక్కుండా మెచ్చుకున్నాను, ఆ తప్పు నాది" అని రాశాడు. తిట్టినా బాగుండేది. ఎవరైనా రాయొచ్చు కాబట్టి ఆ పేజీలను నమ్మలేమని అందరూ అంటారు. నా అనుభవం వేరు. నిజం చెప్పగానే గంటలో దిద్దుకున్నది ఆ ఒక్క పేజీయే. పేపరు జిల్లా ఆఫీసుకు ఫోను చేస్తే సవరణ వేసే అధికారం తమకు లేదన్నారు. పోటీ పరీక్షల బిట్లు అమ్మే ఏదో సైటులో మా ఊరి బడి ప్రశ్న ఇప్పటికీ ఉంది. సరైన జవాబు కింద జేజినాయన పేరే ఉంది.

పొద్దు వాలాక నాయన గేదెకు సొప్ప వేస్తున్నాడు. దగ్గరికి పోయి మొత్తం చెప్పేశాను. సొప్ప చేతిలోనే ఉండిపోయింది ఆయనకు.

"పుస్తకం లేదా?"

"లేదు నాయనా."

"నన్ను గూడా నమ్మిచ్చినావు గదా పాపా," అన్నాడు. కోపంగా అన్నా తట్టుకునేదాన్ని. "నెల రోజులనించి పొద్దున లేస్తానే మా నాయన ఫోటోకు మొక్కుకుంటాండా. ఇంత పెద్దాయన కడుపున పుట్టినానా అని."

"ఆర్చి మీద పేరు తీయిద్దాం నాయనా."

"మార్కాపురంలో రాతిపలక చెక్కిచ్చి తెచ్చినారు. నిన్న ఆర్చికి పెట్టినారు. తీయిచ్చి ఏం చెప్పాల? నా కూతురు దొంగరాతలు రాసిందని చెప్పాల్నా? రేపు టీచరు ఉద్యోగానికి పోయేదానివి." సొప్ప గేదె ముందు పడేశాడు. "వాళ్ళింటికి పోయి కాళ్ళమీద పడతావో ఏం చేస్తావో చెయ్. ఊళ్ళో మాత్రం నోరెత్తితే నాకు కూతురు లేదనుకుంటా."

మర్నాడు పొద్దున వాగు దాటి యేసుమణవ్వ ఇంటికి పోయాను. అరుగు మీద కూర్చుని చింతకాయలు కొట్టి గింజలు తీస్తోంది. పక్కన రేచల్, సెలవు పెట్టి వచ్చిందట, ముసలామె సరిగా తినడం లేదని. నేను నిలబడే చెప్పాను. కూర్చోమన్నా కూర్చోలేకపోయాను. శేషాచలం ఎవరో చెప్పేసరికి రేచల్ గబుక్కున లేచింది.

"సిగ్గులేదా నీకు? మా జేజి ఏడ్చి ఏడ్చి కండ్లు వాసిపోయినాయి. ఆరోజు అందరి ముందర ఊఁ అన్నావు గదే! ఏం చూసినావే ఊఁ అనేదానికి?"

"ఉండు రేచల్," అంది యేసుమణవ్వ. చింతకాయలు కొట్టే రాయి ఒళ్ళో పెట్టుకుంది. నా ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం ఉంటుందని సిద్ధపడి వచ్చాను. లేదు.

"అయితే మా నాయన నిజమే చెప్పినాడా పాపా?"

నన్ను అడుగుతోంది! ఇంత జరిగాక కూడా చదువుకున్నదాన్నని నన్నే అడుగుతోంది.

"నిజమే అవ్వా. మా నాయన గూడా చెప్పినాడు. మా జేజినాయన కాయితం రాసి సాక్షి సంతకం పెట్టినాడు, అంతే."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి లాక్కుంది.

"నాకు చెప్తే ఏం లాభం తల్లీ? నేను ఇంట్లో కూచుని ఏడ్చుకున్నానా? మైకులో చెప్పినా. నువ్వు గూడా మైకులోనే చెప్పాల."

ఆ వారమంతా మా ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాట లేదు. తర్వాత జరిగింది ముందే చెప్పేస్తాను. నాకు ఉద్యోగం వచ్చింది, ఇప్పుడు దొనకొండ వైపు ఒక బడిలో పనిచేస్తున్నాను. నాయన నాతో నేరుగా మాట్లాడి రెండేళ్ళయింది. ఏది చెప్పాలన్నా అమ్మతో చెప్పిస్తాడు. గోడమీద జేజినాయన ఫోటో తీసి బీరువాలో పెట్టేశాడు. ఆర్చి మీద రాతిపలక అలాగే ఉంది. కమిటీ కూర్చుని మాట్లాడుకోవాలని నిత్యానందం పెదనాయన అంటూనే ఉన్నాడు, కమిటీ ఇంకా కూర్చోలేదు.

ఆ వారం చివర, ఆదివారం నేను చర్చికి బయలుదేరుతుంటే నాయన వసారాలో ఉన్నాడు. ఎక్కడికని అడగలేదు. నేను చెప్పులు వేసుకున్నంతసేపూ పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

చర్చిలో ఆడవాళ్ళ వైపు చాప చివర కూర్చున్నాను. పక్కనున్నామె జరిగి చోటిచ్చింది, పాటల పుస్తకం చేతికిచ్చింది. ఎందుకొచ్చానో ఆమెకు తెలియదు. సాక్ష్యాల వేళకు లేచాను. పాల్ రాజుగారు ఆశ్చర్యపోతూనే మైకు అందించారు.

"నా పేరు సుచరిత. తిరుపాలయ్య మనవరాలిని," అన్నాను. నా గొంతు కప్పు మీది హారన్ లోంచి బయటికి పోయి, వాగు దాటి, మా వసారాలో నాయన చెవిన పడుతోందని తెలుస్తూనే ఉంది. "బడి స్థలం గురించి నెట్టులో రాసింది నేనే. ఆ పుస్తకం లేదు. పేజీ లేదు. అంతా నేను పుట్టించినా. సమావేశంలో యేసుమణవ్వ నన్ను అడిగితే, చూసినా అని అబద్ధం చెప్పినా. స్థలం ఇచ్చింది జీవరత్నం గారు. ఆయన అబద్ధమాడలేదు. ఆడింది నేను."

ఇంకా ఏదో చెప్పాలనుకున్నాను, ఇంట్లో కాగితం మీద రాసుకున్నాను కూడా. ఒక్క ముక్కా గుర్తురాలేదు. ముందు వరసలో ఎవరో "అయ్యో" అన్నారు. పైన రేకులు ఎండకు చిటచిటమంటున్నాయి.

పాల్ రాజుగారు దగ్గరికి వచ్చి మైకు తీసుకున్నారు. నా తలమీద చెయ్యి పెట్టబోయి, మళ్ళీ ఏమనుకున్నారో ఆగారు. "తప్పు ఒప్పుకోవడానికి గుండె కావాల. ఈ బిడ్డను మన్నించమని మనమందరం ప్రార్థన చేద్దాం. తలలు వంచండి" అన్నారు. అందరూ తలలు వంచారు.

"ఆగయ్యా," అంది యేసుమణవ్వ.

చాపమీద చెయ్యి ఆనించి మెల్లగా లేచింది. రేచల్ పట్టుకోబోతే వద్దంది. నా వైపు చూడలేదు. పాస్టరుగారినే చూస్తోంది.

"ఈ పాప సంగతి తర్వాత. పోయిన వారం మా నాయన పాపం మన్నించమని అడిగినాం గదా, దేవున్ని. అందరం కలిసి అడిగినాం, ఆమెన్ గూడా అన్నాం. ముందు ఆ ప్రార్థన వాపసు తీసుకో. ఆయన ఏ పాపమూ చేయలేదు."

పాల్ రాజుగారు మైకు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. దేవుడికి చెప్పేసిన మాటను వెనక్కి తీసుకోవడం ఎలాగో ఆయన చదివిన చదువులో లేనట్టుంది. వంచిన తలలు ఒక్కొక్కటే పైకి లేచాయి. ముసలామె జవాబు కోసం ఎదురుచూస్తూ నిలబడే ఉంది. చివరికి పాస్టరుగారు నా వైపు తిరిగారు, చర్చి అంతా నా వైపు తిరిగింది. చేసినదాన్ని నేనే కాబట్టి దిద్దడం కూడా నాకే తెలిసి ఉంటుందనుకున్నారేమో. నాకు తెలియదు.